షేఖా బదీయా ఉపవాసాలు

ఈజిప్టులోని మహల్లా పట్టణంలో బదీయా పనిచేసే కుట్టు ఫ్యాక్టరీలో ఒక్కో లైనుకు ఒక్కో ఎర్ర కండె ఉండేది. దారం అయిపోయిన పెద్ద ప్లాస్టిక్ కండెకు ఎర్రరంగు పూసి, తాడు కట్టి, సూపర్‌వైజర్ బల్ల పక్కన మేకుకు తగిలించేవారు. మరుగుదొడ్డికి వెళ్ళాలనుకున్న ఆడమనిషి ఆ కండెను మెడలో వేసుకుని, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా అందరి ముందూ నడవాలి. లైనులో నలభై మంది. కండె ఒకటే. ఒకామె వెళ్తే తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు పళ్ళు బిగించుకుని కుట్టుకుంటూ ఉండాల్సిందే.

సూపర్‌వైజర్ రిఫాత్ చెడ్డవాడని ఎవరూ అనరు. నోరే చెడ్డది. "ఏమ్మా, మళ్ళీ నువ్వేనా? లోపల కొత్త సూయజ్ కాలువేమైనా తవ్వుతున్నావా?" అనేవాడు. లైనంతా నవ్వేది. కండె మెడలో ఉన్నామె కూడా నవ్వేది, నవ్వకపోతే ఇంకో మాట పడుతుందని. బదీయా ఏళ్ళ తరబడి ఆ నవ్వు నవ్వింది. అది అన్యాయమని ఆమెకు తోచనే లేదు. ఫ్యాక్టరీ అంటే అంతే కాబోలు అనుకుంది.

ఒక చలికాలం ఆమెకు పన్ను వాచింది. సందు చివర మందుల షాపతను యాంటీబయాటిక్ ఇచ్చాడు. పన్ను తగ్గింది గానీ కడుపు జారింది. మళ్ళీ వెళ్తే ఇంకాస్త ఘాటైన బిళ్ళలిచ్చాడు. ఆ తర్వాత గొంతు నొప్పికి ఒకటి, జలుబుకు ఒకటి. ఏడాది తిరిగేసరికి ఆమె కడుపు ఆమె మాట వినడం మానేసింది. పొద్దున రాయి, మధ్యాహ్నానికి నీళ్ళు. పేగుల గుడగుడ పక్క మిషను మీది రావియాకు వినపడుతుందేమోనని పెడలు గట్టిగా తొక్కేది.

ఒక ఆదివారం కడుపు మెలిపెట్టి లేచిచూస్తే మేకుకు కండె లేదు. కూర్చుంది. మళ్ళీ చూసింది, లేదు. "రయ్యిస్, ఒక్కసారి..." అని సూపర్‌వైజరును పిలుద్దామని నోరు తెరిచింది. రిఫాత్ కాలువ మాట గుర్తొచ్చి మూసుకుంది. కండె వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోయింది.

పైన బురఖాలాంటి నల్లటి అబాయా ఉంది గనుక ఎవరికీ కనపడలేదు. "ఈ కట్ట ముగించి వస్తాను, మీరు పదండి" అని అందర్నీ పంపించి, గుడ్డపేలికలతో తను కూర్చున్న స్టూలు తుడిచి, పొడుగాటి శాలువా నడుముకు చుట్టుకుని, బస్సు ఎక్కే ధైర్యం లేక ఇంటిదాకా నడిచింది. మేడ మీద అబాయాను మళ్ళీ మళ్ళీ ఉతుకుతుంటే అత్త ఉమ్ సాబిర్ మెట్ల మీద నుంచి అరిచింది:

"ఏవే కోడలా, నల్లబట్టను తెల్లగా చేద్దామనా?"

బదీయా కుళాయి ఇంకాస్త తిప్పింది. ఏడుపు వినపడకుండా.

మర్నాడు పదింటికి టిఫిను గంట మోగింది. ఆడవాళ్ళు మిషన్ల మధ్య పాత పేపర్లు పరిచారు. ఫూల్ చిక్కుడు గింజల ముద్ద, తౌడు రొట్టె, ఎర్ర ముల్లంగి ఊరగాయ, ఉల్లికాడలు. రావియా రొట్టె తుంచి చేయి చాపింది. "రావే బదీయా, చల్లారిపోతుంది."

తింటే ఏమవుతుందో బదీయాకు తెలుసు. ఆ స్టూలు ఇంకా అక్కడే ఉంది. ఏం చెప్పాలో తోచక, తోచిన మాట అనేసింది.

"ఉపవాసం."

ఆ రోజు సోమవారం. సోమ, గురువారాలు ప్రవక్త ఉపవాసమున్న రోజులు. రావియా చాచిన చేయి వెనక్కి తీసుకుని, తినే చేతిని సిగ్గుగా చూసుకుంది. "దేవుడు స్వీకరించుగాక! మాకా బుద్ధి ఎప్పుడొస్తుందో."

మంగళవారం రంజాన్‌లో తప్పిన రోజుల బాకీ తీరుస్తున్నానంది. ఆడవాళ్ళకు నెలసరి వల్ల ఆ బాకీ ఉండనే ఉంటుంది, ఎవరూ అడగరు. బాకీ తీరిందనుకునే నాటికి రోజు విడిచి రోజు ఉంటున్నానంది. నిజానికి బాగా తెల్లవారి ఉపవాసం వేళ మొదలయ్యాకే ఇంట్లో తీపి టీ తాగి, తెల్ల రొట్టె ముక్క తిని వచ్చేది. పగలు చుక్క నీళ్ళు ముట్టేది కాదు. సాయంత్రం ఇల్లు చేరాక ఆకలి ఆపుకోలేక మకరోనీ, వేపుడు బంగాళాదుంప, దొరికిందల్లా కుక్కుకునేది. కండె వైపు కన్నెత్తి చూసే పని లేకుండా పోయింది.

అబద్ధం అన్నం పెట్టకపోయినా బలుస్తుంది. బక్రీదు పండగకు ముందే ఆమె పేరు షేఖా బదీయా, అంటే భక్తురాలు బదీయా, అయింది. "షేఖా, మా అమ్మాయికి పరీక్షలు, ఒక ప్రార్థన చేసిపెట్టు." "షేఖా, మా ఆయన ఒమాన్ వీసా." ఉపవాసమున్నవాళ్ళ ప్రార్థన పైకి చేరుతుందని నమ్మకం కదా. ఆమె తల ఊపేది. ఊపిన ప్రతిసారీ మెడలో రాయి వేలాడినట్టుండేది.

రిఫాత్ అయితే ఆమెను లైనుకంతా చూపించేవాడు. "చూడండమ్మా, చూసి నేర్చుకోండి! పొద్దుటినుంచి స్టూలు కదిలిందా? దేవుడికీ దగ్గర, మిషనుకీ దగ్గర!"

కడుపు మాత్రం ఉపవాసాన్ని నమ్మలేదు. ఉబ్బరం, మెలికలు, రాత్రిళ్ళు మంట. చివరికి అత్తే చేయి పట్టుకుని ప్రభుత్వ ఆసుపత్రికి లాక్కెళ్ళింది. "డాక్టరమ్మా, మా కోడలి కడుపు గేటు లేని రైల్వే స్టేషను. ఎప్పుడు ఏ బండి వస్తుందో స్టేషను మాస్టరుకే తెలియదు" అంది. బదీయా నేలలోకి కుంగిపోవాలనుకుంది.

పరీక్షలు చూశాక డాక్టరు పెద్ద జబ్బేమీ లేదంది. "పేగుల్లో కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయమ్మా. మన తిండి అరిగించేది సగం వాళ్ళే. మీరు అడ్డమైన బిళ్ళలూ మింగి చెడ్డవాళ్ళతోపాటు మంచివాళ్ళనీ ఖాళీ చేయించారు. మిగిలిన నలుగురికీ కూడు లేదు. తెల్ల రొట్టె, చక్కెర వాళ్ళ దాకా చేరవు. వాళ్ళకు కావలసింది పీచు."

"అంటే ఏం తినాలి?"

"మీ ఇంట్లో ఉండేవే. ఫూల్, పప్పు, తౌడు రొట్టె, ఆకుకూర. పుల్లగా తోడుకున్న రాయిబ్ పాలు. కొద్దికొద్దిగా పెంచండి. వేళకు తినండి, పగలు నీళ్ళు తాగండి, కాస్త నడవండి, నిద్రపొండి. నేను చెప్పకుండా యాంటీబయాటిక్ ముట్టొద్దు. ఇంకో సంగతి. వచ్చినప్పుడు ఆపుకోవద్దు. మొదట్లో గ్యాసు ఎక్కువవుతుంది, ఒకటికి రెండుసార్లు వెళ్ళాల్సొస్తుంది. కొన్ని వారాలు ఓర్చుకుంటే చాలామందికి సర్దుకుంటుంది."

కొన్ని వారాలు! బదీయా కళ్ళముందు ఎర్ర కండె ఊగింది. ఆ మాట డాక్టరుకు చెప్పలేదు. చదువుకున్న మనిషి ముందు అలాంటివి ఎలా చెబుతాం అనుకుంది.

అత్త మట్టి గిన్నెల్లో రాయిబ్ తోడు పెట్టడం మొదలుపెట్టింది. బదీయా డాక్టరు చెప్పినవి శుక్రవారం మాత్రమే తినేది, సెలవు గనుక. ఆ ఒక్కరోజు కడుపు కాస్త మనిషి కడుపులా ఉండేది. శనివారం మళ్ళీ షేఖా. "నేను తోడుపెట్టిన పాలు పిల్లి తాగాలా? నీ కడుపుకి కూడా శుక్రవారమే సెలవా?" అని అత్త సణిగేది.

ఆ వేసవిలో రావియా కూడా ఉపవాసాలు పట్టింది.

రావియాకు మూత్రంలో మంట ఎప్పటినుంచో ఉంది. నీళ్ళు తాగితే లేవాలి, లేస్తే కండె, కండె అంటే రిఫాత్ నోరు. "నువ్వు ఉండగలిగితే నేనెందుకు ఉండలేనే? పుణ్యానికి పుణ్యం, మాట పడే పనీ లేదు" అంది. తనది అబద్ధమని బదీయా ఒక్క మాట చెబితే రావియా ఆగిపోయేది. "నువ్వు వద్దు, నీ ఒంటికి పడదు" అని మాత్రమే అంది బదీయా. "షేఖా, పుణ్యమంతా నీకేనా?" అని రావియా నవ్వింది.

ఇనుప కప్పు కింద గాలాడని ఒక గురువారం రావియా మిషను మీదకు ఒరిగి, అక్కణ్నుంచి కిందికి జారింది. పడేటప్పుడు బల్ల అంచు తగిలి నుదురు చీలింది. ఒంట్లో నీరు ఇంకిపోయిందనీ, ఇన్ఫెక్షను కిడ్నీకి ఎక్కిందనీ ఆసుపత్రిలో చెప్పారు. లైనులో ఆడవాళ్ళు మంచం చుట్టూ చేరారు. ఒకామె బదీయాను ముందుకు తోసింది.

"షేఖా, నువ్వు చెయ్యి ప్రార్థన. నీది వింటాడు."

బదీయా చేతులెత్తింది. పెదాలు కదిలాయి. లోపల ఒక్క మాటా రాలేదు.

అందరూ వెళ్ళాక కూడా ఆమె అక్కడే ఉంది. రావియా చేతికి సెలైన్ ఎక్కుతోంది. బదీయా గోడకు చెప్పినట్టు చెప్పింది. ఆదివారం సంగతి, స్టూలు, అబాయా, తీపి టీ, సోమవారం నోరు జారిన మాట. "ఒక్క రోజూ లేను రావియా. దేవుడి పేరు అడ్డం పెట్టుకుని నా కడుపు దాచుకున్నాను."

రావియా రెండో చేత్తో నుదుటి కట్టు తడుముకుంది.

"అంటే నేను ఎండిపోయింది దేవుడి కోసం కాదు. నీ సిగ్గు కోసం."

"తిట్టు. కొట్టు."

"నా దగ్గర ఏడవకు. నాకు చెప్పి బరువు దించుకుని వెళ్తావా? లైనులో ఇంకా ఇద్దరు నిన్ను చూసి ఉంటున్నారు. వాళ్ళకు చెప్పు." అని రావియా గోడ వైపు తిరిగింది.

తర్వాతి గురువారం టిఫిను గంట కొట్టగానే బదీయా వచ్చి పేపరు ముందు కూర్చుంది. రొట్టె తుంచి ఫూల్‌లో ముంచి నోట్లో పెట్టుకుంది. చుట్టూ నమలడం ఆగిపోయింది.

"షేఖా! ఈరోజు గురువారం. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు." "నేను షేఖాను కాదు. ఎప్పుడూ ఉపవాసం లేను. నా కడుపు నా చేతిలో లేదు. తింటే వెళ్ళాల్సొస్తుందని తినలేదు. ఒకరోజు ఈ స్టూలు మీదే..." చేత్తో చూపించింది. "మీకోసం చేస్తానన్న ప్రార్థనలు కూడా... నన్ను మన్నించండి. మీ ఇద్దరూ ఇవాళే నీళ్ళు తాగండి."

ఒకామె ముఖం తిప్పుకుంది. "దేవుడితో ఆటలా?" అని మరొకామె ఒడి దులుపుకుని లేచింది. ఉపవాసముంటున్న ఆ ఇద్దరిలో పెద్దామె మాత్రం కాసేపు పేపరు వంక చూసి, "ఆ బాటిల్ ఇటివ్వండి" అంది.

పేగులు అప్పుడే గుడగుడలాడాయి. బదీయా లేచి వెళ్ళి కండె మెడలో వేసుకుంది.

"ఏంటి, షేఖా కూడా కాలువ తవ్వకానికేనా?" అన్నాడు రిఫాత్ ఉషారుగా.

ఎవరూ నవ్వలేదు. బదీయా కూడా నవ్వలేదు.

"నా పేరు బదీయా, రయ్యిస్. కడుపు బాగాలేదు. బాగయ్యేదాకా రోజూ వెళ్తాను. ఈ కండె వల్లే రావియా ఆసుపత్రిలో ఉంది."

షెడ్డు చివరిదాకా నడిచింది. అందరి కళ్ళూ వీపు మీదే ఉన్నాయి. సిగ్గు అప్పుడు కూడా పోలేదు.

ఆ తర్వాతంతా బాగుపడిందని రాస్తే నేనూ ఒక షేఖానే అవుతాను. మాటిమాటికీ లేచినందుకు ఆ నెల ఆమె జీతంలో కోత పడింది. డాక్టరు చెప్పినట్టే మొదటి వారాలు నరకం. ఫూల్ గుప్పెడుతో మొదలై గిన్నె అయింది, రాయిబ్ రోజూ అయింది, బస్సు మానేసి నడక పట్టింది. శీతాకాలానికి కడుపు చాలావరకు దారికొచ్చింది. "స్టేషనుకు గేటు పెట్టారర్రా" అని అత్త సందంతా చాటింది. లైనులో ఆడవాళ్ళు కండె కోసం ఒకరి తర్వాత ఒకరు లేవడం మొదలుపెట్టాక రిఫాత్ రెండో కండె వేలాడదీశాడు. అంతే. మేకు అక్కడే ఉంది. రావియా వేరే లైనుకు మారిపోయింది. ఎదురైతే సలాం చెబుతుంది, ముఖం చూడదు. బదీయా ఇప్పుడు నిజంగానే సోమవారాలు ఉపవాసం ఉంటుంది. డాక్టరును అడిగి మరీ. ఎవరికీ చెప్పదు.

పెరుగు తినండి, పీచు తినండి అని మనకందరూ చెబుతారు. మంచిమాటే. తిన్నాక వెళ్ళడానికి చోటు, వెళ్ళే స్వేచ్ఛ లేనివాళ్ళకు ఆ మాట ఎందుకు పనికొస్తుంది? మీరు బట్టలు కొనే షోరూములో పొద్దంతా నిలబడే అమ్మాయి ఎక్కడికి వెళుతుందో ఈసారి యజమానిని అడగండి. మీ అపార్ట్‌మెంటు కాపలా మనిషికి మరుగుదొడ్డి ఉందో లేదో చూడండి. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు మీ బాత్రూము వాడుకోమని ఎప్పుడైనా చెప్పారా? చెప్పకపోతే రేపు ఆమె రాగానే చెప్పండి. అడిగేదాకా ఆగకండి. ఆమె అడగదు.