దస్తీకి అవతలి కొస

బోధన్‌లో బస్టాండు వెనక సందులో రామ్‌దాస్ పిండి గిర్ని ఉంది. జొన్నలు, గోధుమలు, మక్కలు పట్టించుకోవడానికి నాలుగు వాడల వాళ్లు అక్కడికే వస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు పిండి చేతికి అందేదాకా ఆ గిర్ని నడిపే రామ్‌దాస్‌కు చూపు లేదని తెలియదు. రాళ్ల మధ్య నుంచి జారుతున్న పిండిని రెండు వేళ్లతో నలిపి, బరకగా వస్తోందో మెత్తగా వస్తోందో చెబుతాడు. వేడెక్కిందనిపిస్తే రాయి బిగువు కాస్త సడలిస్తాడు. ఎవరి డబ్బా ఎవరిదన్నది మాత్రం భార్య రాధాబాయి చూసుకుంటుంది.

ముప్పై మూడో ఏడు వచ్చేదాకా ఆయన చెరుకు ట్రాక్టర్ నడిపాడు. నీటికాసుల జబ్బు అని డాక్టర్లు చెప్పేసరికే ఒక కన్ను పోయింది. రెండోది మరో రెండేళ్లకు పోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఇంట్లోంచి కదలలేదు. రాధాబాయి తన పుట్టింట్లో మూలన పడి ఉన్న గిర్నిని బాగుచేయించి తెప్పించింది. మొగుడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దాని ముందు నిలబెట్టింది. నెల రోజుల్లో ఆయన చేతులు పని నేర్చుకున్నాయి.

నాకు ఆయన పరిచయమైంది నిజామాబాద్‌లో, మొన్న చలికాలం మొట్టమొదటిసారి జరిగిన మారథాన్ రోజున. నేను పరుగెత్తింది ఐదు కిలోమీటర్లే. అదే గొప్పనుకుంటూ ముగింపు గీత పక్కన అరటిపండు తింటూ కూర్చున్నాను. ఆయన ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తి వచ్చాడు. ఆ రోజు జరిగినదంతా తర్వాత ఆయనా, ఆయనతో ఉన్నవాళ్లూ చెప్పగా తెలుసుకున్నాను.

చూపు పోయాక అన్నిటికన్నా ఎక్కువగా ఏం పోయిందనిపించిందని ఒకసారి అడిగాను. పిండి అంటిన చేతులు దులుపుకుంటూ చెప్పాడు.

“రంగులు మర్సిపోయిన సార్. గదానికి పెద్దగ బాధ లేదు. జల్ది పోవుడు పోయింది. ఎవల చెయ్యి పట్టుకున్నా మెల్లగనే నడిపిస్తరు. పదమూడేండ్ల సంది మెల్లగనే నడుస్తున్న.”

ఆయన మళ్లీ జల్దీ పోవడానికి కారణం అఖిల. అదే సందులో ఉండే ఇరవై రెండేళ్ల పిల్ల. డిగ్రీ అయ్యాక పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. కిందటిసారి ఎనిమిది వందల మీటర్ల పరుగులో మూడు సెకన్ల తేడాతో తప్పింది. అప్పటి నుంచి రోజూ తెల్లారేసరికి కాలేజీ గ్రౌండ్‌లో ఉంటుంది. ఒకరోజు గ్రౌండ్ నుంచి నేరుగా జొన్నల సంచితో గిర్నికి వస్తే, రామ్‌దాస్ ఆ పిల్లను ఎడమ కాలు గుంజినట్టు ఎందుకు వేస్తున్నావని అడిగాడు. పొద్దున సందులోంచి పరుగెత్తుతూ పోయేటప్పుడు రోజూ ఆ చప్పుడు వింటున్నాడట.

అఖిల ఆశ్చర్యపోయింది. ఆ కాలి మడమ ఎప్పుడో ఇంటర్ చదివేటప్పుడు బెణికింది. తగ్గిపోయిందనే అనుకుంటోంది. మర్నాడు ఆయన్ను బతిమాలి గ్రౌండ్‌కు తీసుకెళ్లింది. ఆయన బల్ల మీద కూర్చుని ఆమె పరుగును విన్నాడు. రెండో చుట్టులో ఊపిరి ఎక్కడ తప్పుతోందో, ఏ మలుపులో కాలు బరువుగా పడుతోందో చెప్పాడు. ఇలా పదిహేను రోజులు గడిచాక ఒక పొద్దున, తననూ ఒక చుట్టు ఉరికిస్తావా అని అడిగాడు. అడగడానికి ఆయన సిగ్గుపడ్డాడని అఖిల చెప్పింది.

అఖిల ఆయన అంగీ జేబులోంచి దస్తీ, అదే చేతిరుమాలు, తీసి, మూల నుంచి మూలకు చుట్టి, ఒక కొస ఆయనకిచ్చి రెండో కొస తాను పట్టుకుంది. మొదటి రోజు వంద అడుగులు. రెండో రోజు ఆయన కిందపడి మోకాళ్లు గీసుకుపోయాయి. ఆ మోకాళ్లు చూసి రాధాబాయి రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. మూడో పొద్దున మాత్రం, ఆయన మంచం దిగేసరికి ఆమె బూట్లు తుడిచి గడప దగ్గర పెట్టి ఉంచింది. ఆయన వాటిని తడిమి చూసుకుని తొడుక్కున్నాడు. వానలు తగ్గుముఖం పట్టేసరికి ఇద్దరూ పది కిలోమీటర్లు పరుగెత్తుతున్నారు.

నిజామాబాద్‌లో మారథాన్ పెడుతున్నారని అఖిల ఫోన్‌లో చూసింది. పేరు నమోదు చేసే చోట చూపు లేని మనిషి గురించి గానీ, తోడు పరుగెత్తే మనిషి గురించి గానీ ఏమీ లేదు. నిర్వాహకుల్లో సురేందర్ అనే ఆయనకు ఫోన్ చేసింది. ఆయన కాదనలేదు గానీ, అవుననడానికీ జంకాడు. వందల మంది ఒక్కసారిగా కదిలేటప్పుడు ఎవరైనా తగిలి పడిపోతే ఎట్లా అని అడిగాడు. ఆ ఆదివారమే ఇద్దరూ బస్సెక్కి వెళ్లి, ఆయన ఎదురుగా మైదానంలో నాలుగు చుట్లు పరుగెత్తి చూపించారు. సురేందర్ పేర్ల పుస్తకం తీశాడు. అందరికన్నా వెనక నుంచి మొదలుపెట్టమని మాత్రం చెప్పి, ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు.

పరుగు రోజు మంచు బాగా ఉంది. మొదలయ్యే చోట పెద్ద పెద్ద స్పీకర్లలో పాటలు, అరుపులు. రామ్‌దాస్‌కు అక్కడ భయమేసింది. ఆ మోతలో అఖిల బూట్ల చప్పుడు వినిపించలేదు. చేతిలో దస్తీ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఒకసారి గుంజితే ఎడమకు, రెండుసార్లు గుంజితే కుడికి. దాన్నే నమ్ముకుని కదిలాడు. పులాంగ్ చౌరస్తా దాటి కంఠేశ్వర్ దిక్కు మళ్లేసరికి జనం పలచబడ్డారు. అడుగుల చప్పుడు వినబడింది, భయం పోయింది. పక్కన పరుగెత్తుతున్నవాళ్లు “శభాష్ అన్నా” అంటూ దాటిపోతుంటే, తానూ ఇద్దరు ముగ్గుర్ని దాటాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

పన్నెండో కిలోమీటరు దగ్గర, బైపాస్ రోడ్డు మీద, ఎవరో తాగి పడేసిన నీళ్ల సీసా ఆయన కాలి కిందికి వచ్చేలా ఉంటే అఖిల ఆయన్ను పక్కకు గుంజింది. ఆ తొందరలో దాని మీద తానే కాలు వేసింది. ఆ పాత మడమే మళ్లీ మెలికపడింది. కిందపడి, లేవబోయి మళ్లీ కూలబడింది.

రామ్‌దాస్ కూడా పక్కనే రోడ్డు అంచున కూర్చున్నాడు. పన్నెండు కిలోమీటర్లు వచ్చాం, ఇది చాలు, ఇద్దరం కలిసి వచ్చాం కాబట్టి కలిసే పోదామన్నాడు. అఖిల ఒప్పుకోలేదు.

“కాకా, నా కాలుకు ఏమైతదో నేను సూసుకుంట. నువ్వు ఆగితే నా మనసు జీవితాంతం గీడనే ఉంటది. నువ్వు పో.”

అలా అని, కుంటుతూనే రోడ్డు పక్కన నిలబడి వచ్చేవాళ్లను పిలవడం మొదలుపెట్టింది. చెవుల్లో పాటలు పెట్టుకున్న ఇద్దరు వినకుండానే పోయారు. మూడో మనిషి ఆగాడు. ఆయనే ముత్తన్న.

ముత్తన్నది నందిపేట్ దగ్గర ఊరు. మూడెకరాల్లో పసుపు, వరి పండిస్తాడు. యాభై ఎనిమిదేళ్లు. షుగర్ వచ్చిందని డాక్టర్ నడవమంటే నడక మొదలుపెట్టి, నడక చాలక పరుగుకు ఎక్కిన మనిషి. నగరంలో నర్సుగా పనిచేసే కూతురు నిరోష ఆయన పేరు రాయించింది. రెండున్నర గంటల్లో వస్తానని కూతురికి మాటిచ్చి, అప్పటిదాకా ఆ లెక్క ప్రకారమే వస్తున్నాడు. అఖిల చెప్పింది విని, ఒక్క మాటా అడగకుండా దస్తీ కొస అందుకున్నాడు. ఎటు ఎన్నిసార్లు గుంజాలో ఆమె గబగబా నేర్పింది. వంద గజాలు పోయేసరికి అంతా మర్చిపోయాడు.

“అన్నా, గుంజుడు వద్దు,” అన్నాడు రామ్‌దాస్. “ముంగట ఏమున్నదో నోటితోని చెప్పు. గంతే సాలు.”

ముత్తన్నకు ఏది చెప్పాలో, ఏది అక్కర్లేదో తెలియదు. అందుకని అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు.

“రోడ్డు సాఫుగున్నది తమ్మీ. ఎడమ దిక్కు కొత్త బిల్డింగు లేస్తున్నది, మూడంతస్తులు, ఇంక సున్నం ఎయ్యలే. కుడి దిక్కు కోసిన వరిమడి. అండ్ల తెల్ల కొంగలున్నయి, ఓ ఇరవై ఉంటయి. మంచు ఇంక పోలే. గేటు కాడ ఒక అవ్వ శాలువా కప్పుకొని సప్పట్లు కొడుతున్నది. నిన్నే సూస్తున్నది.”

రామ్‌దాస్ ఏ దిక్కని అడిగి, అటువైపు చెయ్యెత్తాడు. ఆ అవ్వ నవ్వింది. ఆ నవ్వు ఆయనకు వినిపించింది.

చూపు పోయిన నాటి నుంచి అందరూ ఆయనకు కావలసినవి చెబుతూనే ఉన్నారు. మెట్టుంది, తలుపు దగ్గరగా వేసి ఉంది, బండి వస్తోంది. ఎవరిలోనూ ప్రేమకు తక్కువ లేదు. కానీ అవసరం లేనివి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆయనకు తెలిసిన బైపాస్ అంటే రెండు వైపులా పొలాలు, అక్కడక్కడ ఒక పంక్చర్ దుకాణం. చెరుకు లోడుతో ఎన్నిసార్లు పోయాడో ఆ దారిన. ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, కార్ల షోరూములు వచ్చాయి. ముత్తన్న ప్రతి బోర్డూ చదివాడు. ఒక షోరూము అద్దంలో తామిద్దరూ కనిపిస్తున్నారని చెప్పాడు. తానెట్లా ఉన్నానని రామ్‌దాస్ అడిగాడు. కొద్దిగా పొట్ట ఉందని, గడ్డం నెరిసిందని, బూట్లకు మట్టి అంటిందని ముత్తన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. గడ్డం నెరిసిందని తనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని, అద్దం ముందు నిలబడినట్టే ఉండిందని రామ్‌దాస్ నాతో అన్నాడు.

పద్దెనిమిదో కిలోమీటరు దాటాక ఇద్దరి కాళ్లూ మొరాయించాయి. కొంతదూరం నడిచారు. మీరు మీ లెక్కలో వెళ్లిపోండి, వెనక ఇంకెవరైనా వస్తారు అని రామ్‌దాస్ రెండుసార్లు అన్నాడు. ముత్తన్న వినిపించుకోలేదు. రెండున్నర గంటలు అప్పటికే దాటిపోయాయి. బడిపిల్లలు నీళ్లిస్తున్న చోట ఇద్దరూ తలల మీద నీళ్లు పోసుకుని, మళ్లీ పరుగందుకున్నారు.

నేను కళ్లారా చూసింది ఆ తర్వాతి భాగమే. గీతకు రెండు వందల గజాల దూరంలో ఇద్దరు మనుషులు ఒకే బట్ట ముక్క పట్టుకుని వస్తున్నారు. అందులో పెద్దాయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. దగ్గరికి వచ్చాక వినిపించింది. “ఎర్ర కమాను తమ్మీ. మంది రెండు దిక్కుల నిలవడ్డరు. ఒకామె ఆకుపచ్చ చీర కట్టుకున్నది, ఏడుస్తున్నది.” ఆకుపచ్చ చీర రాధాబాయిది. రెండు గంటల యాభై ఒక్క నిమిషాలకు గీత దాటారు. నిరోష తండ్రి దగ్గరికి పోయి ముందు నాడి చూసింది, తర్వాత కావలించుకుంది. ఎంతసేపు పట్టిందని ఆమె అడగలేదు.

అఖిలను అప్పటికే స్కూటర్ మీద తీసుకొచ్చారు. కాలికి మంచుగడ్డ కట్టుకుని కుర్చీలో ఉంది. రామ్‌దాస్ ఆమె ముందు నేల మీద కూర్చుని, ఇంతదాకా తీసుకొచ్చింది నువ్వే బిడ్డా అన్నాడు. తర్వాత కొంగలు, అవ్వ, అద్దంలో తానూ, అన్నీ వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది. సురేందర్ పతకాలు తెచ్చి ముగ్గురి మెడల్లోనూ వేశాడు. తాను పూర్తి చేయలేదని అఖిల తీయబోతే, పన్నెండు కిలోమీటర్లు రెండు జతల కాళ్లతో పరుగెత్తావు, ఇరవై నాలుగు కాలేదా అన్నాడు.

తిరుగు బస్సులో రాధాబాయి ఆయన పక్కన కూర్చుంది. ఆయన మళ్లీ మళ్లీ ముత్తన్న చూపించినవే చెబుతున్నాడు. చివరికి ఆమె, ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఇవన్నీ నీకు చెప్పాలని నాకు తోచలేదు అంది.

“నువ్వు నన్ను గిర్ని ముంగట నిలవెట్టకపోతే నేను ఇంక మంచంలనే ఉందును,” అన్నాడాయన. “నడిపిచ్చినోళ్లు ఉన్నరు గావట్టే ఇయ్యాల ఉరికిన రాధా.”

అఖిల మడమకు ఎక్స్‌రే తీయిస్తే పాత దెబ్బ సరిగా మానలేదని తేలింది. ఆరు వారాలు కట్టు, తర్వాత వ్యాయామాలు. ఇది తెలియక ఆ మూడు సెకన్ల కోసం ఇన్నాళ్లూ తనను తాను తిట్టుకున్నానని, ఇప్పటికైనా తెలిసింది మంచిదే అని ఆమె అంటుంది. ఇప్పుడు మళ్లీ పరుగెత్తుతోంది. ముత్తన్న సంక్రాంతి దాటాక ఒక ఆదివారం బస్సెక్కి బోధన్ వచ్చాడు. గిర్నిలో పగలంతా కూర్చుని కబుర్లు చెప్పాడు. తనను ఎవరూ అంతసేపు మాట్లాడనిచ్చింది లేదని, ఇంట్లో నాలుగు మాటలకే ఆపమంటారని నవ్వుతూ అన్నాడు. వచ్చే ఏడు పరుగుకు ముగ్గురూ పేర్లిస్తారట.

సాయంత్రాలు గిర్ని మూశాక రాధాబాయి, రామ్‌దాస్ బెల్లాల్ చెరువు దాకా నడిచి వస్తున్నారు. మొదట్లో ఏం చెప్పాలో తోచక ఆమె రెండు మాటలకే ఆగిపోయేదట. నేను వెళ్లిన రోజు, గట్టు మీద బట్టలు ఆరేసినామె గురించీ, ఆ బట్టల రంగుల గురించీ, వాటిలో ఏది వెలిసిపోయిందో కూడా చెబుతోంది. ఆయన తల కాస్త ఆమె వైపు వంచి వింటూ నడుస్తున్నాడు.