చేతులు కడుక్కునే వేళ

మొన్న ఆదివారం పలాసలో అన్నయ్య ఇంటికి వెళ్లాను. అన్నయ్య కూతురు జీడిపప్పు ఫ్యాక్టరీలో గంటల లెక్కన ప్యాకింగు పనిచేస్తుంది. ఫోన్లో తన జీతం చీటీ చూపించి, "సిన్నాన్నా, నువ్వు పూర్వం ఈ లెక్కలే కట్టీవోడివి కదా, ఓపాలి సూడు," అంది. రోజుకు ఎనిమిది గంటలు మామూలు రేటు, ఆపైన ప్రతి గంటకూ రెట్టింపు, రెండూ కలిపితే కోతలకు ముందు వచ్చే మొత్తం. కూడికలు బాగానే ఉన్నాయి. కానీ పని ముగిశాక బల్లలు కడిగి, తూకం మిషన్లు తుడిచి బయటపడే సమయం ఎక్కడా లేదు. ఆ మాటే అన్నాను. "అడగమంటావేటి? అమ్మ ఇలాగే దొంగ గంటలడిగితే షావుకారు పనిలోంచి తీసేసినాడట కదా. నన్నూ తీసేత్తే?" అంది భయంగా.

మా ఇంట్లో ఆ కథ అలాగే పాతుకుపోయింది. నాటింది నేనే.

అప్పట్లో వదిన జీడిపిక్కలు కొట్టే షెడ్డులో ఉండేది. చాలాచోట్ల కిలోల లెక్క, మా దగ్గర గంటల లెక్క. నేను అక్కడే జీతాల గుమస్తాని. ఉడికిన పిక్కల వాసన నా చొక్కాకు ఎంతగా పట్టిందంటే, బస్సులో పక్కవాళ్లు ఆశగా నా సంచీ వైపు చూసేవారు. వాసన కమ్మనిదే గానీ పిక్క తొక్కలోంచి కారే జీడి మాత్రం చర్మాన్ని తినేస్తుంది. ఆడవాళ్లు పని దిగాక ఆముదం రాసి, బూడిదతో రుద్ది, సబ్బుతో కడుక్కునేవారు. అందరికీ కుళాయి ఒక్కటే. వంతు వచ్చి చేతులు తెమిలేసరికి అరగంట పట్టేది. షావుకారు టీలో పంచదార కూడా కొలిచి వేయించే మనిషి. అయినా నాతో, "సేతులు కడుక్కునీదాకా టైం రాయవయ్యా. ఆ జీడి మనదే కదా," అన్నాడు.

నేను రాయలేదు. పీట మీంచి లేచిన క్షణంతోనే లెక్క ఆపేశాను. నా చేతి మీదుగా ఓవర్‌టైం ఖర్చు తగ్గిందని ఆయన మెచ్చుకోవాలని. మెచ్చుకున్నాడు కూడా, ఎందుకు తగ్గిందని అడక్కుండానే ఫ్యాను నా బల్ల వైపు తిప్పించాడు.

జీతాల రోజు వదిన అందరి ముందూ నా బల్ల దగ్గర నిలబడింది. "మరిదీ, నా గంటలు తక్కువైనాయి. సరిగ్గా సూడు."

"చేతులు కడుక్కోడానికి కూడా డబల్ రేటా వదినా? అయితే తల దువ్వుకోడానికి ఎంత ఇమ్మంటావు?" అన్నాను. వరసంతా గొల్లుమంది.

"ఈ సేతుల్తోనే కదరా మీ అన్నకీ నీకూ కూడొడ్డించాల. కడక్కండా ఎలగొత్తాను?" అంది. ఆమె మాట నవ్వుల్లో ములిగిపోయింది. మర్నాటి నుంచి ఆమె పేరు 'డబల్ రేటు'. కొన్నాళ్లు ఓర్చుకుని మానేసింది. అన్నయ్య అడిగితే, తప్పుడు గంటలడిగిందని షావుకారు తీసేశాడని చెప్పాను. ఆమె భావనపాడులో చేపలు ఎండబెట్టే పనికి కుదిరి, రోజూ అంత దూరం వెళ్లివచ్చేది.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. అది నా ముఖం చూడకుండా ఫోన్ మూసి, "అయితే రేపు అడుగుతాను," అంది.

వంటగది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. వేళ్ల చివర జీడి చేసిన నల్లమచ్చలు ఇంకా పోలేదు.

"నాకు తెలుసు మరిదీ. పని మానేసినాక లెక్క సూసుకోడానికి ఎల్లినపుడు షావుకారే సెప్పినాడు, కడుక్కునీ టైం నాను రాయమన్నానే అని."

"మరి అన్నయ్యకి చెప్పలేదే?"

"సెప్తే నిన్ను ఈ గుమ్మం తొక్కనిచ్చీవోడా? నువ్వే సెప్తావని సూసినాను." నా తల వైపు చూసి, "నీకూ జుట్టు నెరిసిపోనాది," అని లోపలికి వెళ్లిపోయింది. కూర్చోమనలేదు, వెళ్లమనలేదు.

ఆమె కుళాయి దగ్గర నిలబడిన అరగంటను కాలమే కాదన్నవాణ్ణి నేను. ఆమె నా మాట కోసం ఇన్నేళ్లు నిలబడే ఉందని తెలియడానికి, నా వయసులో సగం కరిగిపోవలసి వచ్చింది.