రసీదులో లేని కొసరు

నరసరావుపేట బజారులో పైసా ఇవ్వకుండా మిషన్‌గన్ గొట్టం సంపాదించిన వ్యాపారిని నేనొక్కణ్ణే. గొప్పకే చెబుతున్నాను. జైలుకు పోయే దారిని కూడా బేరమాడి ఉచితంగా తెచ్చుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

అరవైల మొదట్లో మాది పాత ఇనుము, కొత్త నాగటి కర్రులు అమ్మే కొట్టు. ధర తేలాక కొసరు అడగకుండా లేచివస్తే మా నాన్నకు ఆ పూట అన్నం సయించేది కాదు. నేనూ ఆ రక్తమే. గుంటూరులో ఒక వ్యాపారి మిలటరీ వేలంలో పాడుకున్న పాత ఇనుము అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. ఒక బండెడు బేరం కుదిరింది. డబ్బిచ్చి, రసీదు జేబులో పెట్టుకుని, "మరి కొసరేదీ?" అన్నాను. అతను విసుక్కుంటూ మూలనున్న బరువైన గొట్టం ఒకదాన్ని బండిలో పడేశాడు.

దాన్ని కొట్టు ముందు అడ్డంగా వేలాడదీసి మోకులు, గొలుసులు తగిలించాను. నెల రోజులు బజారంతా చూసింది. నేనూ చూసుకుని మురిసిపోయాను.

ఒకనాటి పొద్దున, మిలటరీలో చేసి వచ్చిన దుర్గి ఊరి రైతు ఒకాయన కర్రు కొనడానికి వచ్చి గొట్టం దగ్గర ఆగిపోయాడు.

"బావా, ఇదేందో తెలుసా? మిషన్‌గన్ గొట్టం."

"అట్టనా! అయితే ధర పెంచాల్సిందే."

"ధర సంగతి తర్వాత. ముందు నీకు బేడీలు పడతయ్!"

గొట్టాన్ని దించి, గోనెలో చుట్టి లోపల పెట్టి, వకీలుగారి దగ్గరికి పరుగెత్తాను. కొత్త చట్టంలో తుపాకీ భాగం కూడా ఆయుధమేనని, మిషన్‌గన్‌దైతే ఢిల్లీ సర్కారు అనుమతి ఉండాలని ఆయన చెప్పారు. అలవాటు కొద్దీ బేరం మొదలుపెట్టాను.

"తుప్పు పట్టిందండీ."

"పట్టినా ఆయుధమే."

"పోనీ, సగానికి కోసేస్తే?"

"ఆ నేరం కూడా నెత్తికి చుట్టుకుంటది. చట్టంతో బేరమేందయ్యా? నీ అంతట నువ్వే స్టేషన్లో అప్పగించి, కొన్న రసీదు చూపించు."

రసీదులో బండెడు ఇనుమూ ఉంది, గొట్టం తప్ప. కొసరును ఎవరైనా రసీదులో రాస్తారా? అసలే మా వైపు ఊళ్ళలో పార్టీ తగాదాలు. ఎక్కడిది, ఎవరికి అమ్మబోతున్నావు అని అడిగితే నా నోటి మాట తప్ప సాక్ష్యం లేదు. కొట్టు మూసి జైల్లో కూర్చోవాల్సిందే.

మళ్ళీ గుంటూరు బస్సెక్కాను. ఆ వ్యాపారి మొదట నవ్వాడు. "కొసరుకు రసీదు అడిగినోణ్ణి నిన్నే చూస్తన్నా." సంగతి విన్నాక అతని ముఖం మాడిపోయింది. "నన్నూ ఇరికిస్తావా ఏంది?"

"నీ దగ్గర వేలం కాగితం ఉంది, అన్నా. ఏ కాగితమూ లేనిది నాకే. ఉన్నదున్నట్టు రాసియ్యి, చాలు."

రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. "రాయాలంటే వెల కట్టాలి. ఐదు రూపాయలు."

ఆ గొట్టం ఇనుము రెండు రూపాయలు చేస్తే గొప్ప. నాలుగన్నర అనబోయి నాలుక కరుచుకున్నాను.

స్టేషన్లో ఎస్సైగారు అర్జీ, రసీదు చదివి, గొట్టాన్ని చూసి, నన్ను చూశారు.

"నెల రోజులు దీన్ని బజార్లో వేలాడదీశావా?"

"అవునండీ."

"దొంగసరుకైతే ఇట్టా తోరణం కట్టవులే," అని, గొట్టం ముట్టినట్టు కాగితం రాసిచ్చారు. నా తెలివితక్కువతనమే నన్ను కాపాడింది.

దుర్గి ఆయనకు కర్రు నేను కొన్న ధరకే ఇచ్చాను. తీసుకుని, "మరి కొసరేదీ?" అన్నాడు. గుప్పెడు మేకులు పోశాను.

ఆ బండెడు ఇనుము మీద లాభం ఇరవై రెండు రూపాయలు. అందులో వకీలుగారికి పది, బస్సుకు రెండున్నర, అర్జీ స్టాంపుకు ఒకటి, కొసరు ఖరీదు ఐదు, కర్రు మీద వదులుకున్నది ముప్పావలా, గొట్టం స్థానంలో కట్టిన వెదురుబొంగు ఒక రూపాయి. మేకులు కొసరే అయినా, ఈసారి అవీ రాశాను, పావలా. మిగిలింది రూపాయిన్నర.