టకటక వెండెల్

మా ఊరికి హీటర్లు బాగుచేయటానికి వచ్చిన వెండెల్‌కు తలుపు కనిపిస్తే కొట్టే జబ్బు ఉంది. అందుకే అతను మా దగ్గర సాధించిన మొదటి ఘనవిజయం, తలుపు కొట్టకుండా ఒక ఇంట్లోకి అడుగు పెట్టటం. దానికి ఒక చలికాలం పట్టింది. ఆ ఇల్లు మాది. ఆ విద్య నేర్పిన గురువును నేను. నా ఘనకార్యాల్లో ఇప్పుడు దీన్ని కూడా కలిపి చెబుతున్నాను, మిగతావి ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చేశాయి కనక.

తెలియనివారి కోసం చెప్పుకుంటాను. నా పేరు జైపిటీ. భూమికి ఉత్తరపు కొసన ఉన్న ఈ ఊరి బడిలో ఆరో తరగతి దాకా చదివాను, మిగతా చదువంతా సముద్రపు మంచు మీద. మీసం మొలవకముందే తెల్ల ఎలుగుబంటిని కొట్టాను. గ్రామ మండలికి మూడుసార్లు పెద్దగా ఉన్నాను. ఒక గవర్నరుగారు నా మెడలో పతకం వేసి, నా పేరు తప్పుగా పలికి, నా పక్కవాడితో చెయ్యి కలిపి వెళ్ళారు. అన్నిటికన్నా పెద్దది, వసంతంలో ఊరు ఊరంతా చేపల సరస్సుకు బయల్దేరినప్పుడు మంచు మీద ముందు నడిచే స్కిడూ, అదే మంచుబండి, నాది. నా వెనకే అందరూ. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతావి మరిచిపోయినా నొచ్చుకోను.

మా ఊళ్ళో ఎవరూ తలుపు కొట్టరు. తోసుకుని వస్తారు, బూట్లు విప్పుతారు, కెటిల్లో టీ ఉంటే పోసుకుంటారు. మాటలుంటే ఆడతారు, లేకపోతే కాసేపు కూర్చుని పోతారు. తలుపు కొట్టేది పోలీసులొక్కరే.

అలాంటి ఊళ్ళో వెండెల్ మొట్టమొదట కొట్టింది మా బామ్మర్ది సిమియోనీ తలుపు. లోపల పేకాట మంచి ఊపు మీద ఉంది. టకటకటక. పేకముక్కలు నేలమీద పరిచిన సీల్ జంతువు తోలు కిందికి వెళ్ళాయి, చిల్లర పిండి డబ్బాలోకి వెళ్ళింది, నేను మంచం కిందికి వెళ్ళాను. అప్పటికి మండలి పెద్దను కదా. మళ్ళీ టకటకటక. ఎవరూ కదల్లేదు. బయట గాలి చర్మం ఒలిచేస్తోంది. చాలాసేపటికి ఒక సన్నని గొంతు వినిపించింది.

"అయ్యా, హీటరు పాడైందని కబురు చేసింది మీరేనాండీ?"

సిమియోనీ తలుపు తీశాడు. ఎదురుగా ఓ పొడుగాటి మనిషి, ఎర్ర గడ్డమంతా మంచు పట్టి తెల్లబడిపోయి ఉందట.

"పోలీసువా?"

"కాదండీ, హీటరు మెకానిక్కుని. వెండెల్ అంటారు."

"మరి తలుపెందుకు కొట్టావ్?"

"వేసి ఉందండీ."

"చలికి వెయ్యక తెరుచుకుని కూర్చుంటామా? తొయ్యటం రాదా నీకు?"

"లోపల ఎవరు ఏ పరిస్థితిలో ఉంటారో అని..."

"ఏ పరిస్థితీ లేదు. మా బావ మంచం కింద ఉన్నాడు. రా లోపలికి."

ఆ సాయంత్రం నుంచి అతని పేరు టకటక. మా ఊరి రేడియోలో ఎవరికి ఏం చెప్పాలన్నా ఫోన్ చేసి చెప్పేస్తారు. "టకటకకి మనవి. నిన్న నువ్వు కొట్టిన దెబ్బకి మా అత్తగారు తను చేసిన తప్పులన్నీ ఒప్పేసుకుంది. ఇంకో రెండుసార్లు వచ్చి కొడితే మిగతావి కూడా బయటికొస్తాయి." మర్నాడు ఇంకొకరు. "టకటకా, మా తలుపు వాచింది, మందు రాసి పో."

దక్షిణాన బంగాళాదుంపలు పండే ఏదో దీవి అతనిది. ఇలా ఊరందరి నోళ్ళలో నానుతుంటే జాలేసి, నేనే అతన్ని చేరదీశాను. గడ్డకట్టిన చార్ చేపను పచ్చిగా కోసుకు తినటం నేర్పాను. తిన్నాడు, కళ్ళ నీళ్ళతో బాగుందన్నాడు. అవునంటే కనుబొమలెత్తాలి, కాదంటే ముక్కు చిట్లించాలి, దానికి నోరు తెరవకూడదని నేర్పాను. అదీ వచ్చింది. తలుపు దగ్గరే మా ఇద్దరి ప్రతిభా ఆగిపోయింది.

"చేతులు జేబుల్లో పెట్టుకో," అన్నాను.

"పెట్టుకున్నా తాతా."

"ఇప్పుడు భుజంతో తోసి లోపలికి రా."

తోశాడు. భుజం కన్నా ముందు తల తగిలింది. టక్.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఒక్కణ్ణే కూర్చుని ఉన్నాను. తలుపు తెరుచుకుంది. ఎవరో వచ్చారు, బూట్లు విప్పారు, టీ పోసుకున్నారు, నా ఎదురుగా కూర్చున్నారు. ఇంత మర్యాదగా, ఇంత నిశ్శబ్దంగా వచ్చేది మా వాళ్ళే.

"ఏరా సిమియోనీ, మీ ఆవిడ తరిమేసిందా?" అన్నాను.

టీ ఊదుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అడుగుతుంటే పలకవేంరా?"

"ముక్కు చిట్లించాను తాతా," అంది ఎదురుగా ఉన్న ఆకారం. "నేను వెండెల్‌ని."

సిమియోనీ పొట్టి, బోడిగుండు, నున్నటి చుబుకం. వెండెల్ ఎత్తు, ఎర్ర గడ్డం. ఇద్దరూ టీ తాగుతారన్నది తప్ప వేరే పోలిక లేదు. నేను తొడ చరిచి నవ్వాను. "పరాచికం ఆడానురా, ఆ మాత్రం తెలియదా?" అన్నాను. అతనూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

నిజమేమిటంటే, రెండేళ్ళుగా నా కళ్ళ ముందు పొగమంచు. దక్షిణాన ఆసుపత్రికి వెళితే తీసేస్తారని తెలుసు. కానీ వెళితే ఊరికి తెలుస్తుంది. తెలిస్తే మొదటి స్కిడూ సిమియోనీకి పోతుంది. పాపం ఏళ్ళ తరబడి నా బండి పొగ మింగుతూ ఎదురుచూస్తున్నాడు. అందుకని నోరు మెదపలేదు. వచ్చినవాళ్ళను అడుగుల చప్పుడుబట్టి, దగ్గుబట్టి, వాళ్ళు తిని వచ్చిన తిండి వాసనబట్టి పోల్చుకునేవాణ్ణి. సగంసార్లు తప్పేది. తప్పినప్పుడల్లా పరాచికం. ఆ ఏడాది ఊళ్ళో నన్ను మించిన హాస్యగాడు లేడు.

శిష్యుడి విజయాన్ని ఆ సాయంత్రమే రేడియోలో చాటించాను. మర్నాడు మా తలుపు మీద టకటకటక.

"తాతా, వెండెల్‌ని వచ్చాను. బూట్లు విప్పుతున్నాను. టీ పోసుకుంటున్నాను. కిటికీ పక్కన కూర్చుంటున్నాను. ఇటుపక్క సిమియోనీగారు ఉన్నారు, ఆకుపచ్చ చొక్కాలో బాగున్నారు."

"వీడికేమైంది బావా?" అన్నాడు సిమియోనీ.

"ఇంకాస్త టీ పొయ్యనా?" అని అడిగింది మా ఆవిడ ఊలూటీ.

"కనుబొమలెత్తుతున్నానండీ."

"కనిపిస్తూనే ఉందిగా."

"అయినా చెబుతున్నానండీ."

అది మా ఇంటితో ఆగలేదు. ఊళ్ళో ఏ గుమ్మం ఎక్కినా ఇదే వరస. కొట్టటం, పేరు చెప్పటం, లోపల ఎవరెవరున్నారో వాళ్ళకే వినిపించటం. కూర్చుంటే చెబుతాడు, లేస్తే చెబుతాడు, తుమ్మబోయే ముందు చెబుతాడు. "టకటకకి జబ్బు తిరగబెట్టింది," అని రేడియో. "గురువుగారి చదువు అలాంటిది," అని మళ్ళీ రేడియో. ఆ రెండో గొంతు మా బామ్మర్దిది, ముక్కు మూసుకుని మాట్లాడినా పోల్చాను. గొంతులు నాకు బాగానే తెలుస్తాయి.

వసంతం వచ్చింది. చేపల సరస్సుకు బయల్దేరిన రోజు వెండెల్ నా స్కిడూ ఎక్కి వెనక కూర్చున్నాడు.

"నాకు మంచంటే భయం తాతా. మీ వెనకైతే ధైర్యంగా ఉంటుంది."

ఆ ధైర్యం ఊరు దాటలేదు. దారి పొడుగునా నా చెవిలో ఒకటే గోల. "తాతా, కుడివైపు నల్లగా నీళ్ళలా ఉంది, నాకు భయం, ఎడమకి తిప్పండి. తాతా, ముందు మంచుదిబ్బ ఉంది, నాకు భయం, చుట్టూ తిరిగి పోదాం. తాతా, కొంచెం నెమ్మది, పగులు ఉంది, నాకు చచ్చేంత భయం." పిరికిపంద అని తిట్టుకుంటూ, పోనీలే పరాయి ఊరి పిల్లాడని అడిగినచోటల్లా తిప్పుతూ వెళ్ళాను. సరస్సు చేరాక అతన్ని చూసి అందరూ నవ్వారు. అందరికన్నా నేను ఎక్కువ నవ్వాను.

"ఏమాటకామాట," అన్నాడు సిమియోనీ, "ఇంత తిన్నగా నువ్వు ఎప్పుడూ నడపలేదు బావా."

"అనుభవంరా," అన్నాను.

మంచు కరిగే రోజుల్లో పక్క ఊళ్ళో కీర్తనల సభ పెట్టి నన్ను పిలిచారు. విమానం ఎక్కి వెళ్ళి వారం ఉన్నాను. పాటల మధ్య నా ఘనకార్యాలు చెప్పాను. రెండు రోజులయ్యేసరికి నేను లేచి నిలబడితే చాలు, జనం పాట అందుకునేవారు.

తిరిగొచ్చి తిన్నగా సిమియోనీ ఇంటికి వెళ్ళాను. పేకాట నడుస్తోంది.

"బావా, నీ శిష్యుడు బాగుపడ్డాడు," అన్నాడు ముక్కలు పంచుతూ.

"ఎప్పుడు?"

"నువ్వు విమానం ఎక్కిన రోజే. వారమంతా ఒక్క తలుపు కొట్టలేదు. మంచు నక్కలా చప్పుడు లేకుండా వస్తాడు, టీ పోసుకుంటాడు. ఏమన్నా అడిగితే కనుబొమలు, లేకపోతే ముక్కు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అచ్చం మన మనిషే అయిపోయాడు."

అంతలో బయట టకటకటక.

"వెండెల్‌ని వచ్చానండీ. బూట్లు విప్పుతున్నాను. ఓహో, జైపిటీ తాత వచ్చేశారే. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను తాతా."

సిమియోనీ చేతిలో ముక్కలు కింద పడేశాడు. "చూశావా? నువ్వు ఊళ్ళో ఉంటేనే వీడికీ రోగం. వాడికి చదువు చెప్పటం మానేయ్ బావా, నీకు పుణ్యం ఉంటుంది."

ఇల్లంతా నవ్వు. నేనూ నవ్వుదామని నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను.

నేను టీ తాగటానికి రోజుకో ఇంటికి పోతాను. ఏ వేళకు ఏ ఇంట్లో ఉంటానో నాకే తెలియదు. అతనికి ఏం తెలుస్తుంది? అందుకని ఊళ్ళో ఉన్న తలుపులన్నీ కొట్టాడు.

కాసేపాగి అతని ఇంటికి వెళ్ళి తలుపు తోశాను.

"రండి తాతా. పొయ్యి దగ్గర ఉన్నాను, చేతిలో గరిటె ఉంది."

"గరిటె సంగతి నేను అడిగానా? ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

గరిటె ఆగింది. "నన్ను సిమియోనీగారని అనుకున్నారు చూడండి, అప్పట్నుంచి. అంత మాట నన్ను జన్మలో ఎవరూ అనలేదు."

"ఎవరికన్నా చెప్పావా?"

గరిటె మళ్ళీ తిరగటం మొదలుపెట్టింది.

"చెప్పావా లేదా?"

"అయ్యో, ముక్కు చిట్లించాను తాతా. వారం రోజులు మీరు లేకపోయేసరికి అలవాటు తప్పింది."

ఇద్దరం కూర్చున్నాం. బంగాళాదుంపల పులుసు పెట్టాడు. మా నాన్న కూడా ఇంతే తాతా, అని చెప్పుకొచ్చాడు. చూపు తగ్గిందంటే ఒప్పుకోడట. ట్రాక్టరు తాళంచెవి ఇవ్వనన్నాడట. చివరికి ట్రాక్టరును తిన్నగా పక్కింటివాళ్ళ కోళ్ళ గూట్లోకి నడిపాడట. "కోళ్ళకేం కాలేదు. కానీ ఇప్పటికీ ఆయన్ని చూస్తే మొహం తిప్పుకుంటాయి."

"అయితే నన్నూ ఆసుపత్రికి పొమ్మంటావు."

"నేనెందుకంటాను? నేను హీటర్లు బాగుచేసేవాణ్ణి. మీరు పోకపోతే కొడుతూనే ఉంటాను. కాకపోతే ఊళ్ళో తలుపులు పాతవి, ఎన్నాళ్ళు ఆగుతాయో."

ఇంటికి వచ్చి ఊలూటీకి చెప్పాను. ఆమె బూటు కుట్టుకుంటూ తల ఎత్తలేదు.

"తెలుసు," అంది.

"నీకూనా? ఎప్పట్నుంచి?"

"కొక్కేనికి తగిలించిన నా కోటుతో నువ్వు మాట్లాడటం మొదలుపెట్టినప్పట్నుంచి. ఎలుగుబంటి కథ దానికి చెబుతున్నావు కదా, నాకు కాస్త తెరిపిగా ఉందని ఊరుకున్నాను."

వేసవిలో దక్షిణానికి వెళ్ళి రెండు కళ్ళూ బాగుచేయించుకుని వచ్చాను. ఊరివాళ్ళు చెప్పుకునేలోపే నేనే రేడియోలో చెప్పేశాను, గవర్నరుగారి పతకం తరవాతి ఘనకార్యంగా. సిమియోనీ ఆ మాట పూర్తిగా వినకుండానే మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"అయితే మొన్న వసంతంలో ఊరంతా ఒక గుడ్డివాడి వెనక సముద్రం మీద నడిచామా?"

"లేదురా. వెండెల్ వెనక నడిచారు. నేను హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాను, అంతే."

సిమియోనీ బోడిగుండు గోక్కున్నాడు. "అందుకేనా అంత తిన్నగా పోయింది," అన్నాడు. వచ్చే వసంతానికి అతను ముందు, నేను వెనక అని ఒప్పందం చేసుకున్నాం. వెనక కూర్చుని ఎలా భయపడాలో నాకు బాగా తెలుసు, మంచి గురువు దగ్గర నేర్చుకున్నాను.

వెండెల్ మొహాన్ని మొదటిసారి సరిగ్గా చూసింది నేను విమానం దిగిన రోజు. "ఇలా ఉంటావని ముందే చెప్పి ఉంటే ఆపరేషన్ మానుకునేవాణ్ణి కదరా," అన్నాను. ఎర్ర గడ్డం కదల్లేదు, పెదవి కదల్లేదు. కనుబొమలు రెండూ పైకి లేచాయి. అంతే. ఆ రోజు తరవాత అతను ఊళ్ళో ఒక్క తలుపు కొట్టలేదు.

ఊరు ప్రశాంతంగా ఉంది. పేకాట నిర్భయంగా సాగుతోంది. నాకే ఏమీ తోచటం లేదు. ఎవరు వచ్చినా కనిపిస్తున్నారు, పరాచికానికి చోటు లేదు. వెండెల్ బంగాళాదుంపలు తవ్వటంలో వాళ్ళ నాన్నకు సాయం చేయటానికి సెలవు మీద వెళ్ళాడు. ట్రాక్టరు ఇప్పుడు అతనే నడుపుతున్నాడని ఫోన్లో చెప్పాడు. వాళ్ళ నాన్న వెనక కూర్చుని భయపడుతున్నాడట.

నేను ఇక్కడ ఊలూటీ పిండి డబ్బా మూత మీద సాధన చేస్తున్నాను. చూసినంత తేలిక కాదు. వేళ్ళు ముడవాలి, మూడుసార్లు ఒకే బరువుతో పడాలి. "రెండో దెబ్బ తేలిపోతోంది బావా," అని సిమియోనీ పక్కన కూర్చుని దిద్దుతున్నాడు. వెండెల్ వచ్చి, పెట్టె దించుకుని, టీ నీళ్ళు పెట్టుకునేదాకా ఆగుతాను. అప్పుడు వెళ్ళి తలుపు కొడతాను. "వెండెల్, జైపిటీ తాతని వచ్చాను," అంటాను. లోపలినుంచి రమ్మనేదాకా చలిలోనే నిలబడతాను, గడ్డానికి మంచు పట్టినా సరే. నాకు గడ్డం లేదు. జీవితంలో సాధించలేకపోయింది అదొక్కటే.

గాలి ఒప్పుకుంటే అతని విమానం నవంబరు ఏడో తేదీ, శుక్రవారం.