రోడ్డు దాటకుండా దొరికే బ్రెడ్డు

యూరప్‌లో ఏ దేశానికి వెళ్లి స్థిరపడాలో తేల్చుకోవడానికి అమెరికాలోని మా ఊరి లైబ్రరీలో ప్రతి గురువారం మధ్యాహ్నం కొందరు కూడుతారు. అందరూ రిటైరైనవాళ్లో, కాబోతున్నవాళ్లో. ఒకరు పన్నుల గురించి అడుగుతారు, ఒకరు ఎండల గురించి, ఇంకొకరు ఆస్పత్రుల గురించి. ఆర్లీన్ మాత్రం ఏ దేశం పేరు వచ్చినా ఒకే మాట అడిగేది.

"ఇంటి గుమ్మం దిగి, రోడ్డు దాటకుండా నడిచివెళ్లి బ్రెడ్డు కొనుక్కురావచ్చా?"

మొదట్లో నవ్వారు. పోర్చుగల్ మీద మనసుపడ్డ కోరిన్ అనే రిటైర్డ్ టీచరు ఊరుకోలేకపోయింది.

"ఆర్లీనూ, అక్కడ సముద్రం ఉంది. కోటలున్నాయి. వైన్ మంచినీళ్ల ధరకి దొరుకుతుంది. నీకు బ్రెడ్డు తప్ప ఇంకేం వద్దా?"

"సముద్రానికి రోజూ పొద్దున్నే ఎవరెళ్తారు?"

"నేనెళ్తాను."

"అయితే దార్లో బ్రెడ్డు షాపు ఎటువైపుందో చూసి చెప్పు."

ఆ గదిలో కుర్చీలు వేసేది నేనే. నా ఉద్యోగం ఆ లైబ్రరీలో, నా ఇల్లు ఆర్లీన్ ఇంటికి ఎదురుగా. అందుకని ఆ ప్రశ్న ఆమె ఎవరి కోసం అడుగుతోందో నాకు తెలుసు. తన భర్త డెల్మర్ కోసం అడుగుతోందని అందరూ అనుకునేవారు. సగం నిజమే.

డెల్మర్ పొలాల ఇళ్లకు గ్యాస్ ట్యాంకరు తోలేవాడు. ఈ కౌంటీలో ఏ మట్టిరోడ్డు ఏ గుమ్మం దగ్గర ఆగుతుందో, ఎవరి కుక్క కరుస్తుందో, ఏ వంతెన వానకి మునుగుతుందో అతనికి తెలియనిది లేదు. తర్వాత కళ్లు పోవడం మొదలైంది. మొత్తం పోలేదు. మధ్యచూపు పోయి అంచులు మిగిలాయి. ఎదుటి మనిషి ముఖం ఉండవలసిన చోట ఒక బూడిదరంగు మచ్చ, దాని చుట్టూ చెవులు, భుజాలు, వెనకనున్న గోడ. ఎవరినైనా చూడాలంటే ముఖం పక్కకు తిప్పుకోవాలి. కొత్తవాళ్లు అతను తమని లెక్కచెయ్యడం లేదనుకునేవారు. డ్రైవింగ్ లైసెన్సు వెనక్కి తీసేసుకున్నారు.

కాన్సస్‌లో మా వైపు లైసెన్సు లేని మనిషికి కాళ్లున్నా లేనట్టే. మా వీధి తిన్నగా హైవేలో కలుస్తుంది. హైవే పక్కన గడ్డి, ఆ పక్కన కాలువ, దాని పక్కన మళ్లీ గడ్డి. నడిచే దారి ఎవరూ వెయ్యలేదు, ఎవరూ అడగలేదు.

ఊళ్లో డోనట్ షాపులో పొద్దున ఆరింటికి కాఫీ తాగే ముసలివాళ్ల బల్ల ఒకటి నిండుతుంది. డెల్మర్‌కి ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంది. రోజూ ఆర్లీన్ అతన్ని అక్కడ దింపి బయట కారులోనే కూర్చునేది. ఇంటికి వెళ్లి మళ్లీ వచ్చేసరికి అతను లేచే వేళవుతుంది. లోపలికి వెళ్లి కూర్చుందామంటే ఆ బల్ల దగ్గర పెళ్లాలు కూర్చోరు. కూర్చోకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ కూర్చోలేదు, అంతే. ఆ తర్వాత మందుల షాపు, మంగలి షాపు, చర్చి, అతని చెల్లెలి ఇల్లు. ప్రతిచోటా ఆమె తోలాలి, ప్రతిచోటా ఆగాలి. హీటరు వేసుకుని కూర్చున్న ఆ గంటల్లోనే ఆమె ఫోనులో యూరపంతా తిరిగింది.

బల్ల దగ్గరి స్నేహితుల్లో వెండెల్ ఇల్లు మాకు దగ్గరే. ఒకసారి డోనట్ షాపు బయట అతను అడగడం నేను విన్నాను.

"ఒరేయ్ డెల్మర్, నా బండి మీ ఇంటి ముందు నుంచే వస్తుంది కదరా. ఎక్కించుకుంటాను. పాపం ఆ ఇల్లాలిని పడుకోనీ."

"ఆర్లీన్‌కి పొద్దున్నే తిరగడం ఇష్టంరా," అన్నాడు డెల్మర్.

ఆర్లీన్ కారు అద్దం దించి, "అవునా? నాకు చెప్పలేదే," అంది. ముగ్గురూ నవ్వారు. డెల్మర్ కారెక్కాడు.

దార్లో ఆమె అతన్ని అడిగిందట. "ఊళ్లో సగం మందిని నీ లారీలో ఎక్కించుకున్నావు. వాళ్లు నిన్నొకసారి ఎక్కించుకుంటే ఏం పోయింది?"

"ఎక్కించుకున్నాను కాబట్టే," అన్నాడట.

అలా మొదలైంది దేశాల వేట. అతనొక్కడే బయటికి వెళ్లి రాగల ఊరు ఒకటి దొరికితే, ఆ కాసేపు ఆమె ఒక్కతే ఉండగలదు. ఆర్లీన్‌కి కావలసింది అదే. ఈ మాట లైబ్రరీలో ఎవరికీ చెప్పలేదు. కుర్చీలు మడతపెడుతుంటే నాకు చెప్పింది, చెప్పి వెంటనే, "నేను పాపిష్టిదాన్నా అమ్మాయ్?" అంది. కాదన్నాను.

పోర్చుగల్ ముందే పోయింది. కొండలు, పైగా నున్నటి రాళ్లు పరిచిన వీధులు. నెదర్లాండ్స్ చదునుగా ఉంటుందని ఎవరో అన్నారు. "కారైతే వస్తున్నట్టు వినపడుతుంది, సైకిలు వినపడదు. నా మొగుణ్ణి సైకిలు కింద పడేస్తానా?" అంది. ఐర్లండ్ పల్లెల్లో కారు లేకపోతే గడవదని తెలిసింది. "అంటే వానపడే కాన్సస్ అన్నమాట," అని దాన్నీ వదిలేసింది. చివరికి కోరినే స్పెయిన్‌లో వలెన్సియాకి దక్షిణాన, సముద్రం ఒడ్డున, అరచెయ్యిలా చదునైన చిన్న ఊరు ఒకటి వెతికిపెట్టింది. అద్దెకిచ్చే ఫ్లాటు ఫొటోలో కింద వీధి కనపడుతోంది. అదే వరసలో నాలుగు తలుపుల అవతల బ్రెడ్డు షాపు.

ఆ సాయంత్రం వాళ్ల వరండాలో డెల్మర్‌కి చెబుతున్నప్పుడు నేనూ ఉన్నాను.

"అక్కడ ముసలాళ్లు కాఫీ తాగుతారా?" అని అడిగాడు.

"రోజంతా వాళ్లకి అదే పని."

"ఏ భాషలో అబద్ధాలాడుకుంటారు?"

"స్పానిష్‌లో."

"ఇంగ్లీషులో నమ్మేలా అబద్ధమాడ్డానికే నాకు ఒక జన్మ పట్టింది." ముఖం వీధి వైపు తిప్పాడు. "సరే. ఊరికే చూసొద్దాం. అక్టోబరు నెలంతా."

వాళ్లు లేనప్పుడు ఇంటి తాళం నా దగ్గరే ఉంది. మొక్కలకి నీళ్లు పోశాను, ఉత్తరాలు తీసిపెట్టాను. అక్కడ జరిగింది ఆర్లీన్ వచ్చాక చెప్పింది.

దిగిన మర్నాడే డెల్మర్ ఒక్కడే మెట్లు దిగి, గోడని చెయ్యితో తాకుతూ నాలుగు తలుపులు నడిచి, బ్రెడ్డు కొనుక్కుని వచ్చాడు. చిల్లర వేళ్లతో తడిమి పోల్చుకున్నాడట. లైసెన్సు పోయాక అతను ఒంటరిగా నడిచివెళ్లి కొన్న మొదటి వస్తువు అది. బ్రెడ్డు బల్ల మీద పెట్టి, ఏమీ జరగనట్టు, "కాఫీ ఉందా?" అన్నాడు. ఆర్లీన్ వంటగదిలోకి వెళ్లి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మూడో రోజు నుంచి అతను కింద కాఫీ హోటల్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడా ముసలివాళ్ల బల్ల ఉంది. డామినో బిళ్లలాట ఆడుతూ, ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ ఉంటారు. డెల్మర్ దాని పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆ మొదటి రోజు ఆర్లీన్ చేతిలో సంచీ, అందులో పుస్తకం, సముద్రం దగ్గరికి వెళ్లడానికి తయారు. ఒక్క నిమిషం చూసి వెళ్దామని బాల్కనీలోకి వచ్చింది.

"నిటారుగా కూర్చున్నాడమ్మాయ్, ఫొటోకి కూర్చున్నట్టు. టోపీ సర్దుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. వాళ్లు ఏదో అని పగలబడి నవ్వారు. ఇతనూ నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది. వాళ్లు ఆపేశాక వచ్చింది."

ఆ రోజు ఆమె సముద్రం దగ్గరికి వెళ్లలేదు. మర్నాడూ అంతే. అతను పైకి వచ్చి, "బావుంది. మంచి మనుషులు," అనేవాడు.

"ఏం మాట్లాడుకున్నారు?"

"ఏముంది, వానల గురించే."

తిరిగి వచ్చిన వారానికి నేను తాళం ఇవ్వడానికి వెళ్లాను. గ్యారేజీ తలుపు ఎత్తి ఉంది. డెల్మర్ స్టూలు మీద కూర్చుని పాత సామాను తడిమి వేరుచేస్తున్నాడు. ఆర్లీన్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇల్లమ్మే ఏజెంటు శనివారం వస్తానన్నాడు," అన్నాడు డెల్మర్. "బల్ల దగ్గర అందరికీ చెప్పేశాను. వెండెల్ గాడు ఏడుపు మొహం పెట్టాడు. కనపడలేదు గానీ, గొంతులో తెలిసింది."

"రావద్దని చెప్పు," అంది ఆర్లీన్.

"ఎందుకు?"

"నాకా ఊరు నచ్చలేదు. ఎండ."

"అక్టోబరులో ఎండేమిటి? కాన్సస్‌లో పుట్టినదానివి."

"వంటనూనె వాసన పడలేదు."

"ప్లేట్లు కడగక్కర్లేకుండా ఊడ్చుకుని తిన్నావు."

నేను తాళం బల్ల మీద పెట్టి వెళ్లబోయాను. "ఆగమ్మాయ్," అన్నాడు డెల్మర్. "ఒక సాక్షి ఉంటే మంచిది." ఆర్లీన్‌ని చూడడానికి ముఖం నా వైపు తిప్పాడు. "సముద్రం ఎలా ఉంది?"

"బావుంది."

"నీళ్లు వెచ్చగా ఉన్నాయా?"

ఆర్లీన్ నా వైపు చూసింది.

"ఒక్క రోజూ వెళ్లలేదు నువ్వు. నా కాఫీ కప్పు వైపు తల తిప్పితే ఆ బాల్కనీ తిన్నగా నా పక్కచూపులో పడేది. నీ ఎర్ర స్వెట్టరు రోజూ అక్కడే. పంపు దగ్గర కట్టేసిన గొడ్డులాగ. గంట దొరికింది కదే నీకు! దాని కోసమే కదా ఇంత దూరం వెళ్లాం!"

"నీకెవరు చెప్పారు దాని కోసమని?"

"గుడ్డివాణ్ణి అవుతున్నాను, చెవిటివాణ్ణి కాదు."

ఆర్లీన్ మెట్టు మీద కూర్చుంది. "నువ్వు ఎవరూ లేని బల్ల దగ్గర కూర్చుని నవ్వుతుంటే నన్నెక్కడికి వెళ్లమంటావు?"

"నవ్వడం ఆపేస్తే వెళ్లేదానివా?"

"నీకిష్టం లేనప్పుడు ఇల్లమ్ముదామని ఎందుకన్నావు? నిజం చెప్పు."

డెల్మర్ చేతిలోని రెంచీని డబ్బాలో పెట్టాడు. "డోనట్ షాపు కిటికీలోంచి నీ కారు కనపడుతుంది, అందులో నువ్వు. అదీ పక్కచూపులోనే. పక్కన ఉన్నది చూడకుండా ఉండడం నా చేతిలో లేదు."

అటు వెళ్తే ఆమె అతని కళ్లే కాదు, నాలుక కూడా కావాలి. ఇక్కడుంటే అతని కాళ్లు. లైబ్రరీలో ఎన్ని గురువారాలు కూర్చున్నా, ఆ రెండూ అక్కర్లేని దేశం ఆ గదిలో ఎవరి దగ్గరా లేదు. నాకు నిలబడాలో వెళ్లాలో తెలియలేదు.

డెల్మర్ ఫోను తీసి నోటికి దగ్గరగా పెట్టుకుని, వెండెల్ పేరు చెప్పాడు. అవతల గొంతు మాకూ వినపడేంత గట్టిగా ఉంది.

"ఏంరా, సామాను సర్దేశావా, దొరగారూ?"

"ఒరేయ్, నీ ట్రక్కు ఏదో చప్పుడు చేస్తోందిరా. మా ఇంటి ముందు నుంచి వెళ్తుంటే రోజూ వింటున్నాను."

"నా ట్రక్కా? ఏ చప్పుడూ లేదు. మొన్నేగా చూపించాను."

"ఉందిరా. ముందు చక్రం దగ్గర. లోపల కూర్చుని వింటే గానీ చెప్పలేను." గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున నాతో పాటు... నీతో పాటు వస్తాను. వినిపెడతాను."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినపడింది.

"ఇప్పుడు నువ్వంటే గుర్తొస్తోంది," అన్నాడు వెండెల్. "కొంచెం ఉన్నట్టే ఉంది. కానీ మంగళవారాలూ శుక్రవారాలే. మిగతా రోజులు ఇప్పుడు కాఫీ నుంచి అటే వెళ్లి మనవరాల్ని బడికి దింపాలి."

"మంగళవారం రా."

డెల్మర్ ఫోను జేబులో పెట్టుకుని మళ్లీ సామాను డబ్బా తడమసాగాడు. ఏజెంటుకి ఆర్లీనే ఫోను చేసి రావద్దని చెప్పింది.

మంగళవారం వెండెల్ ట్రక్కు వచ్చింది. డెల్మర్ పక్క సీట్లో ఎక్కి, తలుపు గట్టిగా వేసుకున్నాడు. ట్రక్కు మలుపు తిరిగేదాకా ఆర్లీన్ గుమ్మంలోనే ఉంది. తర్వాత లోపలికి వెళ్లి కోటు వేసుకుని, బూట్లు బిగించుకుని బయటికి వచ్చింది. కారు జోలికి పోలేదు. నడవాలనుకుందట. ఎక్కడికి అని అనుకోలేదట, ఊరికే.

వీధి చివరికి వచ్చి హైవే పక్క గడ్డిలో నడుస్తోంది. తెల్లవారుతోంది, గడ్డి మీద మంచు. ఒక కారు నెమ్మదించింది. "బండి చెడిపోయిందా అమ్మా?" "లేదు, నడుస్తున్నాను." ఇంకొకటి ఆగింది. "సాయం కావాలా?" "వద్దు నాయనా." మూడోది పాస్టరు గారి భార్య కారు. ఆమె దీపాలు వెలిగించి, గడ్డిలోకి తోలి, ఆర్లీన్ దారికి అడ్డంగా ఆపింది.

"ఆర్లీన్! ఈ చలిలో ఏమిటిది? ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు."

"డెల్మర్ ఏడి?"

"కాఫీకి వెళ్లాడు."

"నువ్వు లేకుండానా?" ఆమె గొంతు తగ్గించింది. "ఇంట్లో అంతా బానే ఉందా? ఏమన్నా గొడవా? నాతో చెప్పవచ్చు."

నడుస్తున్నానని ఇంకొకసారి చెబితే ఆదివారానికల్లా చర్చిలో సగం మంది తన కోసం ప్రార్థన చేస్తారని ఆర్లీన్‌కి తెలుసు. కారెక్కింది. పాస్టరు గారి భార్య హీటరు పెంచింది, మోకాళ్ల మీద శాలువా కప్పింది. ఇంటి ముందు దింపి, ఆర్లీన్ తాళం తీసి లోపలికి వెళ్లి, దీపం వేసేదాకా ఇంజను ఆపకుండా అక్కడే ఉంది.