వీపు తిప్పి విన్న డోలక్

డోలక్ నేర్పేటప్పుడు నేను శిష్యుల వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. ఎదురుగా కూర్చుంటే నా కళ్లు పక్షపాతం చూపేవి. నచ్చిన మొహం కనబడితే తప్పు దెబ్బ కూడా ముద్దుగానే వినబడేది. నచ్చనివాడు ఎంత బాగా వాయించినా ఏదో ఒక వంక దొరికేది. అందుకని గోడ వైపు తిరిగి, ఎవరో ఒకరు వాయించండి, పేరు మాత్రం చెప్పొద్దు అనేవాణ్ణి. విన్నాక లోపమేమిటో, ఆ చెయ్యి ఎవరిదో చెప్పేవాణ్ణి. పంతులు వీపుకు చెవులున్నాయని మోత్కూరు చుట్టుపక్కల భజన జట్లన్నీ నవ్వుకునేవి. నేను పైకి కసురుకున్నా లోపల తెగ మురిసిపోయేవాణ్ణి.

నా దగ్గరికి వచ్చేవాళ్లంతా పొద్దున చేను పని చూసుకుని మధ్యాహ్నం వచ్చే రైతులు. ఒక్కడు మాత్రం గొర్రెలు కాసేవాడు. అతని కుడిచెయ్యి ముత్యంలా పడేది. ఎడమచెయ్యి రవ్వంత ఆలస్యం. ఎందుకో తేల్చుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. ఒకనాడు డోలక్ మార్చి చూశాను, మిగతావేవీ కదపలేదు. ఇంకోనాడు అదే డోలక్ ఉంచి తాళ్లు సడలించాను. తర్వాత కూర్చునే జాగా మార్చాను. జతులు నోటితో చెప్పించి చూస్తే నోరు తప్పలేదు, చెయ్యే తప్పింది. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? అందుకే ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. ఏం మార్చినా ఆ ఆలస్యం పోలేదు.

రజాకార్ల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకునేలోపే మిలిట్రీ వచ్చి క్యాంపు వేసింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు అన్నం పెట్టినవాళ్లనే కాదు, వాళ్ల మీటింగుల్లో పాడినవాళ్లనీ వాయించినవాళ్లనీ వెతుకుతున్నారు. పట్టుకుపోయినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. గొర్రెల కాపరి కొన్ని సాయంత్రాలు ఊళ్లో కనబడేవాడు కాదు. ఎక్కడికి పోయావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

ఒక మధ్యాహ్నం మా వాకిట్లో జీపు ఆగింది. క్యాంపు జమేదారు, ఇద్దరు సిపాయిలు, వెనకాల మా పోలీసు పటేలు. నా శిష్యులంతా అరుగు మీదే ఉన్నారు.

"సంఘపోళ్ల మీటింగుల డోలక్ ఇన్న. జొన్నచేన్ల పండుకోని ఇన్న" అన్నాడు పటేలు. "ఎడమ దెబ్బ కుంటుతాంది. మొఖం కనపడలే. నువ్వు గోడ దిక్కు తిరిగి కూసో పంతులూ. ఒక్కొక్కడే వాయిస్తడు. గా చెయ్యి ఎవనిదో చెప్పు."

నా గొప్ప నా మెడకే చుట్టుకుంది. నిజం చెబితే గొర్రెల కాపరి ప్రాణం పోతుంది. అబద్ధం చెబితే ఇంకెవడో పోతాడు. తెలియదంటే పటేలు నమ్మడు, భజనల్లో తాళం వేసే మనిషి, చెవి ఉన్నవాడు. గోడ వైపు తిరిగాను. తుపాకీ ఎటు చూస్తోందో కనబడదు.

మొదటి చెయ్యి పడింది. ఎడమ దెబ్బ ఆలస్యం! కానీ అది మా జట్టులోని ముసలి రైతుది, ఏనాడూ లయ తప్పని చెయ్యి.

"ఈడే! గిదే దెబ్బ!" అని అరిచాడు పటేలు.

రెండోవాడు వాయించాడు. అదీ ఆలస్యమే. "కాదు కాదు, ఈడు!" అన్నాడు. ఆ తర్వాతివాడిదీ అంతే. జమేదారు హిందీలో కసిరాడు.

అప్పుడొక చెయ్యి వినబడింది. రెండు వైపులా ఒక్కటే లయ, వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరిదో వెంటనే పోల్చుకోలేకపోయాను. కుడి దెబ్బ విని గుర్తుపట్టాను. అది గొర్రెల కాపరిదే. వెనక్కి తిరగబోయి ఎలాగో ఆపుకున్నాను.

"చెప్పు పంతులూ" అన్నాడు పటేలు.

"లోపం నాది పటేలా. నా దగ్గర నేర్సినోళ్లకు అంటింది."

"అయితే నువ్వు వాయించు."

వాయించాను. నటించాల్సిన పని లేకపోయింది. ఎడమచెయ్యి సరిగా లేవనే లేదు. ఇక అందరినీ జీపెక్కిస్తారనుకున్నాను. జమేదారు డోలక్‌ను బూటుతో తన్ని, తన పొద్దంతా పాడుచేశావని పటేలును తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

జీపు చప్పుడు వినబడకుండా పోయినా ఎవరూ లేవలేదు. ముసలి రైతు మొహానికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. నా పిచ్చి నాది. గొర్రెల కాపరి గొంగడి భుజాన వేసుకుంటుంటే అడిగాను.

"డోలక్ మార్చిన, తాళ్లు మార్చిన, జాగా మార్చిన. నీ చెయ్యి సక్కగ కాలే. ఇయ్యాల ఏం మారింది?"

అతను పగిలిన డోలక్ వంక చూశాడు.

"గిన్ని దినాలు నా ఒక్కనికే భయముండె పంతులూ. ఇయ్యాల మీరంత పంచుకున్నరు."