ఎన్ని గోల్స్ కొట్టినావప్పా?

ఇరవై ఏళ్ల కిందటి మాట. కదిరి నుంచి అనంతపురం పోయే బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు, గోవాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు జీతానికి ఆడుతున్నానని చెప్పాడు. అది అతనికి మొదటి ఏడు. తమ పక్క నల్లమాడ ఊరి మనిషి బంతాటకు అంత దూరం పోయాడని వినగానే చుట్టుపక్కల వాళ్లంతా మా సీటు వైపు తిరిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"ఎన్ని గోల్స్ కొట్టినావప్పా?"

"ఒకటీ కొట్టలేదు. నేను డిఫెండర్‌ని. అవతలోళ్లు కొట్టకుండా ఆపేటోన్ని."

"అది సరేలే, ఎన్ని కొట్టినావు?" అన్నాడు ముందు సీటు పెద్దాయన.

యువకుడు తల పట్టుకున్నాడు. "మా నాయన కూడా ఇదే అడుగుతాడన్నా. ఊర్లో సన్మానం చేసి, పది గోల్స్ కొట్టినాడని మైకులో చెప్పినారు. ఇంగ నేనేం చెప్పి సచ్చేది?"

ముదిగుబ్బ దాటాక డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నా నుదురు ముందు కమ్మీకి ఠంగున కొట్టుకుంది. "కండ్లు యాడ పెట్టుకున్నావప్పా!" అని బస్సంతా డ్రైవరు మీద పడింది. నేనూ గట్టిగానే అరిచాను. బస్సు ముందు నుంచి గొర్రెల మంద తీరుబడిగా రోడ్డు దాటిపోయింది. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు.

యువకుడు లేచి, జనాన్ని తప్పించుకుంటూ ముందుకు పోయి, డ్రైవరు భుజం మీద రెండుసార్లు తట్టి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

పెద్దాయన మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఇంతకీ ఎన్ని కొట్టినావో చెప్పనే లేదే?"

ఈసారి తల పట్టుకున్నది నేను.